పడవలో పండిన వరి

నా చిన్నప్పుడు వరి ఎక్కడ పండుతుందని ఎవరైనా అడిగితే పడవలో పండుతుందని చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు నవ్వుకునేవారు. నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. నేను దగ్గర కూర్చుని, వంగి, తాకి చూసిన మొదటి వరి మా తాతయ్య పడవలోనే ఈనింది. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఈ వయసులో అడిగినా అదే చెబుతాను.

మాది ఉద్దానం ఒడ్డు. వజ్రపుకొత్తూరు నుంచి సముద్రం వైపు నడుస్తూ పోతే కొబ్బరితోటలు, జీడితోటలు, సరుగుడు చెట్లు వస్తాయి. ఆ తర్వాత అంతా ఇసుక, ఆ ఇసుకలో మా పాకలు. మావాళ్ళు వలలు పట్టి బతికేవాళ్ళు. బడి మాత్రం పైన రైతుల ఊళ్ళో ఉండేది. మా పాకల నుంచి పొద్దున్నే నలుగురైదుగురు పిల్లలం తోటల్లోంచి నడిచి వెళ్ళేవాళ్ళం. మా ఇంట్లో పలక పట్టిన మొదటిదాన్ని నేనే. అది మా నాయనమ్మ పట్టుదల. మా నాన్నకి ఇష్టం లేదు. ఆడపిల్ల ఎప్పటికైనా చేపలబుట్ట ఎత్తుకోవలసిందే కదా, ఆ మెడకి ఇప్పటినుంచే అలవాటు చేస్తే మంచిదనేవాడు. నాయనమ్మ బుట్ట మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయిన మనిషి. ఆ బుట్ట నా నెత్తికి రాకూడదని ఆవిడ పంతం.

ఆ ఏడు మా మేష్టారికి ఒక మంచి ఆలోచన వచ్చింది. పుస్తకంలో వరి పంట మీద పాఠం ఉంది. చదివి వినిపించి వదిలేస్తే అడిగేవాళ్ళు లేరు. కానీ ఆయన, పంట ఎలా పెరుగుతుందో పిల్లలు చేలో నిలబడి చూడాలన్నారు. ఆకుమడిలో నారు పెరిగిన దగ్గర్నుంచి కళ్ళంలో కుప్ప నూర్చేదాకా ఒక్కో దశకి ఒక్కోసారి తీసుకెళ్తానన్నారు. బడి పక్కనే ఆ ఊరి పెద్దరైతు పొలం. ఆయన కొడుకు మా తరగతే. పెద్దరైతు సరేనన్నాడు. ఉభాలు మొదలుపెట్టే రోజున మమ్మల్ని రమ్మన్నాడు. ఆకుమడిలోంచి నారు తీసి మళ్ళో నాటడాన్ని మా వైపు ఉభాలంటారు, నారుని ఆకంటారు.

ఆ రోజు నాయనమ్మ నాకు కుంకుడుకాయతో తలంటి ఉతికిన గౌను వేసింది. వర్షం వెలిసి మడి నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో మబ్బులు. పిల్లలందరం వరసగా గట్టు మీద నడుస్తున్నాం. పెద్దరైతు ఎదురొచ్చి మా పాకల పిల్లల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇయేల మొదటి ఆకు పడతాది మేష్టారూ. సేపలోల పిల్లల్ని మడి దిగనీకండి. నీసు తగిల్తే సేను పాడైపోద్ది."

మేష్టారు తల ఊపారు. ఆయన చెడ్డవారు కాదు, మెతక మనిషి. బడి పాక మీద తాటాకు కప్పించాలన్నా ఆ రైతే దిక్కు. మమ్మల్ని తాటిచెట్టు కింద కూర్చోమని, వచ్చాక అంతా చెబుతానన్నారు. మిగతావాళ్ళు బురదలో దిగి కేరింతలు కొడుతుంటే మేము చెట్టు కింద గౌన్లు మడుచుకుని కూర్చున్నాం. నా జుట్టు ఇంకా కుంకుడు వాసన వేస్తోంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. లేచి ఇంటికి నడిచాను. పలక తీసుకెళ్ళి నాయనమ్మ ముందు పడేసి, ఇంక బడికి వెళ్ళనన్నాను. మా నాన్న వల బాగుచేసుకుంటూ, పోనీలే, రేపట్నుంచి బుట్ట ఎత్తుకుంటుందన్నాడు.

నాయనమ్మ జరిగిందంతా రెండుసార్లు చెప్పించుకుంది. విన్నాక నవ్వింది. ఆవిడకి బాగా కోపం వస్తే నవ్వేది.

"నీసా? పొద్దున్న నా బుట్టలో నెత్తళ్ళు ఆలింటికే ఎల్లినాయి. ఆల కడుపులో పడితే కూర, నా గుంట పిల్ల కాలికుంటే నీసు."

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఒప్పందం పెట్టింది. వాళ్ళ మళ్ళో చోటు లేకపోతే మనమే ఒక మడి కడదాం, ఆ మళ్ళో వరి కోసేదాకా నువ్వు బడి మానకూడదు, కోశాక నీ ఇష్టం అంది. పంట రాకపోతే బుట్ట తనే తెచ్చి నా నెత్తిన పెడతానంది. ఆ మాట వినగానే మా నాన్న నవ్వాడు. ఇసుకలో వరి పండదని ఆయన ధీమా.

ఇసుకలో పండదని నాయనమ్మకీ తెలుసు. మా పాక వెనక ఇసుకతిన్నె మీద తాతయ్య పాత పడవ ఉండేది. కొబ్బరితాళ్ళతో పలకలు కలిపి కుట్టిన పడవ. తాతయ్య పోయాక అది సముద్రంలోకి వెళ్ళలేదు. మళ్ళీ కుట్టించి దించుదామని మా నాన్న ప్రతి ఏడూ అనుకునేవాడు. ఆ మర్నాటి నుంచి నాయనమ్మ రైతుల ఊళ్ళలో చేపలు అమ్మేసి, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ బుట్ట నిండా చెరువుమట్టి ఎత్తుకుని రావడం మొదలుపెట్టింది. వెళ్ళేటప్పుడు చేప, వచ్చేటప్పుడు మట్టి. తెచ్చిన మట్టి పడవలో పోసేది. మేమూ బడి నుంచి వస్తూ చేతిసంచుల్లో తెచ్చి పోసేవాళ్ళం. దారిలో జనం ఆపి, మీ ఊళ్ళో మట్టి తింటున్నారా అని అడిగేవారు. మా మనవరాలికి కావాలంటే తెస్తున్నానని నాయనమ్మ బుట్ట దించకుండానే జవాబు చెప్పేది.

ఇక్కడ మావాళ్ళకీ ఒక పట్టింపు ఉంది. పడవలో మట్టి పోయకూడదు. మనిషిని గోతిలో పెట్టి పోసేది మట్టి, పడవలో పోస్తే గంగమ్మతల్లి అలుగుతుందని నమ్మకం. ఊరి మగవాళ్ళు వచ్చి చెప్పి చూశారు. మా నాన్నయితే అన్నం దగ్గర మాట్లాడ్డం మానేశాడు. ఆఖరికి ఒకరోజు, సముద్రం మీద బతికేవాళ్ళం, దానికి ఎదురెళ్తావా అని అరిచాడు.

"ఇది మీ అయ్య పడవ. దీన్లో ఏటి పొయ్యాలో నన్నడుగు, సముద్రాన్ని అడక్కు," అంది నాయనమ్మ.

రైతుల పట్టింపూ ఆవిడ్ని ఆపలేదు, మావాళ్ళ పట్టింపూ ఆపలేదు. అవతలివాళ్ళ మూఢత్వాన్ని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను. సొంత ఇంట్లోవాళ్ళతో కూడా పేచీ పెట్టుకున్న మనిషిని ఆవిడ్నే చూశాను.

మట్టి సరే, నారు ఎక్కణ్ణుంచి తేవాలి? నాయనమ్మ పెద్దరైతు ఇంటి ముందు బుట్ట దించడం మానేసింది. ఆ ఇంట్లో పెద్దరైతు తల్లి ఉండేది. పళ్ళూడిపోయినా చేప లేనిదే ముద్ద దిగని ముసలమ్మ. నాలుగు రోజులు ఓపిక పట్టి, అయిదో రోజు పెరటి గుమ్మంలోంచి నాయనమ్మని చప్పట్లు కొట్టి పిలిచింది. చేప కావాలంటే ఆకు కట్ట ఇవ్వమంది నాయనమ్మ. ముసలమ్మకి విషయం అర్థమయ్యాక కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్విందట. కొడుకుకి తెలియకుండా వాళ్ళ సొంత ఆకుమడి నారే ఒక కట్ట కట్టి బుట్టలో పెట్టింది. నారు ఎంత లోతు పెట్టాలో, మొక్కకీ మొక్కకీ మధ్య ఎంత ఎడం ఉండాలో కూడా చెప్పింది. అప్పటినుంచి మా వ్యవసాయమంతా ఆ పెరటి గుమ్మంలోంచే వచ్చింది.

నాటిన రోజు పాకల పిల్లలందరం పడవలో దిగాం. మోకాలు దాకా బురద. అందరం నాటడం అయ్యాక నాయనమ్మ బిందె పట్టుకుని సముద్రానికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. కొత్త పడవ దించేటప్పుడు గంగమ్మ నీళ్ళు చల్లి మొక్కడం మా ఆచారం. ఆ అలవాటుతో దండం పెట్టుకుని బిందెడు సముద్రపు నీళ్ళూ నారు మీద పోసేసింది. మాకూ అది తప్పని తోచలేదు. మేమూ చేతులు జోడించాం.

వారం తిరక్కుండా నారు కొసలు ఎర్రబడ్డాయి, తర్వాత మాడిపోయాయి. పొద్దున్నే లేచి చూసేసరికి పడవ నిండా ఎండుగడ్డి.  మా నాన్న గోడకున్న చిన్న బుట్ట తీసి, దుమ్ము దులిపి, గుమ్మం దగ్గర పెట్టాడు. దాని మీద నా చూపు పడకుండా ఉండాలని నేను పెరట్లోంచి తిరిగి బడికి వెళ్ళాను.

నాయనమ్మ పెరటి గుమ్మానికి పరిగెత్తింది. ముసలమ్మ సంగతి విని నోరు నొక్కుకుంది.

"ఓలమ్మా, పురిట్లో పిల్లకి ఉప్పునీళ్ళు పడతారేటే?"

పోసిన బిందెడు నీళ్ళే కాదు, పడవ పలకలు కూడా ఏళ్ళ తరబడి ఉప్పు తాగి ఉన్నాయి. ఆ ఉప్పు పోవాలంటే వాన నీళ్ళు పైనుంచి పడాలి, కిందనుంచి దిగిపోవాలి. పడవంటే నీళ్ళు పోని వస్తువు. దిగిపోవాలంటే అడుగు పలకల కుట్లు తెంపాలి. తెంపితే అది ఇంక పడవ కాదు. ఆ కుట్లు తాతయ్య చేతివి.

ఆ సాయంత్రం నాయనమ్మ కత్తి పట్టుకుని పడవ కిందికి దూరింది. నేను పక్కనే ఇసుకలో కూర్చున్నాను.  ఒక చేత్తో తాడుని తడుముతూ ఉండిపోయింది. మా నాన్న వచ్చి నిలబడ్డాడు కానీ ఆపలేదు. తర్వాత ఒక్కో కుట్టూ తెగిన చప్పుడు వినపడింది. బయటికి వచ్చినప్పుడు ఆవిడ ముఖం నిండా ఇసుక, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంక దీనికి వరి పండించడం తప్ప పని లేదు, పండి తీరాలి అంది. ఆ రోజు నాకు మొదటిసారి, ఇది ఒక తాటిచెట్టు కింద కూర్చోబెట్టినందుకు మాత్రమే జరుగుతున్న గొడవ కాదనిపించింది. నా కోసం ఒక మనిషి తనకి మిగిలిన వస్తువుని కోసేసుకుంది. ఆ పంట బతక్కపోతే నేను ఏ ముఖం పెట్టుకుని బుట్ట ఎత్తుకుంటాను?

దేవుడి దయవల్ల ఆ వారమంతా వానే. ఉప్పు దిగిపోయింది. అప్పటికి ఊళ్ళో ఉభాలు అయిపోయాయి. గట్ల మీద మిగిలిపోయిన ముదురు నారుంటే ముసలమ్మ ఏరించి ఇచ్చింది. మళ్ళీ నాటాం. ఈసారి తాగే నీళ్ళ చెలమలోంచి కుండలతో తెచ్చి పోశాం. ముదురు నారు పది రోజులు అలిగినట్టు నిలబడి, ఆ తర్వాత పచ్చబడింది. నాయనమ్మ రోజూ చేపలు మంచినీళ్ళతో కడిగి ఆ నీళ్ళు తెచ్చి పడవలో పోసేది. తలకాయలూ పొలుసులూ మట్టిలో పాతేది. ఆ వాసనకి కాకులూ కుక్కలూ మూగేవి. చిరిగిన వల ఒకటి పైన పరిచి కట్టాం. వల కంతల్లోంచి వరి పైకి లేచింది. రైతుల చేల కంటే ముదురు ఆకుపచ్చగా, చూస్తే దిష్టి తగిలేలా.

బడిలో మేష్టారు పిలకలంటే ఏమిటని అడిగినప్పుడు రైతుల పిల్లలు గట్టు మీద నుంచి చూసింది చెప్పారు. నేను మా పడవలో ఒక్కో దుబ్బు ఎలా విచ్చుకుంటోందో చెప్పాను. పొట్ట దశంటే ఏమిటని అడిగితే, కాడని వేళ్ళతో మెల్లిగా నొక్కితే లోపల వెన్ను, అంటే బయటికి రాబోయే కంకి, మెత్తగా తగులుతుందని చెప్పాను. మేష్టారు పుస్తకం మూసి, ఎక్కడ చూశావన్నారు. ఆదివారం ఆయనే వచ్చారు. వల పక్కకి జరిపి చాలాసేపు చూశారు. ఈనిక సగమయింది, వెన్నులు తెల్లటి పూతతో ఉన్నాయి. తరగతినంతా ఇక్కడికి తీసుకురావచ్చా అని నాయనమ్మని అడిగారు. ఆయన గొంతులో సిగ్గు ఉంది. గింజ పాలు పోసుకునే వేళకి తీసుకురమ్మంది నాయనమ్మ.

రైతుల పిల్లలు మా పాకల మధ్యకి రావడం అదే మొదటిసారి. వాళ్ళలో పెద్దరైతు కొడుకూ ఉన్నాడు. నేను నాయనమ్మ చెవిలో, వాణ్ణి మాత్రం ఎక్కనివ్వద్దన్నాను. ఆ మాట అనడానికి ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూశానో నాకే తెలుసు. నాయనమ్మ నా చెవి మెలిపెట్టింది.

"ఒకల్ని ఆపడానికేటే నానింత మట్టి మోసింది?"

అందరూ పడవెక్కారు. మేష్టారు వెన్ను తుంచి, గింజ నొక్కి, లోపలి పాలు చూపించారు. పెద్దరైతు కొడుకు ఆ పాలు నాలుక మీద వేసుకుని తియ్యగా ఉందన్నాడు. నాకు అప్పటికీ వాడి మీద కోపం పోలేదు.

మా దగ్గర కొడవలి ఎక్కడిది? వలతాళ్ళు కోసే కత్తితోనే కోశాం. పడవ అంచుకేసి కొట్టి గింజ రాల్చాం. తూర్పారబట్టడానికి మాత్రం మాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. మా సముద్రపు గాలికి చేట ఎత్తడమే ఆలస్యం, పొల్లు సరుగుడుతోట దాకా ఎగిరిపోయింది. గుమ్మం దగ్గరున్న చిన్న బుట్టని మా నాన్నే తీసి అటక మీద పడేశాడు. ఇప్పుడు నీ ఇష్టమన్న మాట ఎవరూ ఎత్తలేదు. నేను పలక కడుక్కున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. నాయనమ్మకి అవలేదు.

పెద్దరైతు కళ్ళంలో నూర్పులు మొదలయ్యాయి. అది మేష్టారి ఆఖరి పాఠం. ఎడ్లు తిరుగుతున్నాయి, మధ్యలో ధాన్యం కుప్ప, దాని చుట్టూ బూడిదతో గీసిన గీత. రైతుల పిల్లలు గీత లోపల నిలబడ్డారు. మా పాకల పిల్లల్ని గీతకి ఇవతల, గడ్డివాము పక్కన కూర్చోమన్నారు. మా పడవలో పంట చూసొచ్చాక కూడా. మేష్టారు మా వైపు చూడలేక కుప్ప వైపే చూస్తున్నారు. ప్రతి ఏడూ మా ఆడవాళ్ళు ఎండుచేపలు తెచ్చి ఆ గీత బయటే బుట్టలు దించి కూర్చునేవారు. ఇచ్చిన ధాన్యం కొంగులో పట్టుకుని వెళ్ళేవారు.

నాయనమ్మ వచ్చింది. నెత్తిన ఎప్పటిలాగే చేపల బుట్ట. చేతిలో చేట, చేట నిండా మా ధాన్యం. గీత దగ్గర ఆగలేదు. బూడిద మీద అడుగేసి తిన్నగా లోపలికి నడిచి, చేటలో ధాన్యమంతా పెద్దరైతు కుప్ప మీద కుమ్మరించింది. గింజలు జారి కుప్పలో కలిసిపోయాయి.

ఎడ్లు తోలేవాళ్ళు ఆపేశారు. పెద్దరైతు ముఖం కందగడ్డయింది.

"నీసు నీళ్ళు తాగి పండిన గింజ బాబూ ఇది," అంది నాయనమ్మ, గొంతు పెంచకుండా. "నీ గింజ ఏదో, నా గింజ ఏదో ఏరి పక్కనెట్టు. నువ్వు ఏరినదాకా నానిక్కడే కూకుంటాను."

అని బుట్ట దించి కుప్ప పక్కనే కూర్చుంది.

ఆయన వంగి గుప్పెడు గింజలు తీశాడు. అరచేతిలో వేసుకుని చూశాడు. ఏం చూస్తాడు? ఒకటే రంగు, ఒకటే సైజు. తన ఆకుమడి నారే అని పాపం ఆయనకి తెలియదు. అప్పుడు గడ్డివాము నీడలోంచి ఆయన తల్లి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆకు తనే ఇచ్చానని అందరి ముందూ ఒప్పుకుంది.

"కుప్పకి పొలి పెరిగినాదిరా. పెరిగినదాన్ని ఏ రైతైనా తీసి పారేత్తాడేటి?"

పొలి అంటే కళ్ళంలో లక్ష్మి. కుప్ప పెరగాలని పొలి పొలి అని పిలిచి మరీ కొలుస్తారు. తల్లి నోట ఆ మాట వచ్చాక కాదనడం ఏ రైతు తరమూ కాదు. ఆయన గుప్పిట్లోని గింజలు కుప్ప మీద వదిలేసి, ఎడ్లని తోలమని చెయ్యి ఊపాడు. మేష్టారు మా వైపు తిరిగారు. ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి లోపలికి రమ్మన్నారు. మేము వెళ్ళాం. మా కాళ్ళ కింద బూడిద గీత ఎక్కడికక్కడ చెరిగిపోయింది. చెరిగిందని ఆ ఏడు ఆయన పంటకి ఏ ముప్పూ రాలేదు.

నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. మందస వైపు, టెక్కలి వైపు ఎన్నో బళ్ళలో పనిచేశాను. ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో ఒక గీత గీసి పెట్టే ఉంచేవారు. ఈ పిల్లలు ఆ కుండ ముట్టకూడదు, ఆ పిల్లలు ఈ వరసలో కూర్చోకూడదు. నేను వాళ్ళతో వాదించలేదు. పిల్లలందరి చేతా నీళ్ళు మోయించి ఆ కుండలోనే పోయించేదాన్ని. ఇంక ఏ చుక్క ఎవరిదో ఏరుకోమనేదాన్ని. రెండుసార్లు బదిలీ చేశారు. వెళ్ళిన చోట కూడా అదే చేశాను.

ఇప్పుడు మా ఒడ్డున ఫైబర్ పడవలొచ్చాయి. పగిలిపోయిన పడవ ఒకటి మా మనవడు తెచ్చి ఇంటి ముందు వేశాడు. అందులో ఏటా వరి నాటిస్తాను. మా ఊరి పిల్లలూ, పై ఊరి పిల్లలూ వస్తారు. దశలన్నీ నాటే దగ్గర్నుంచి నూర్చేదాకా వాళ్ళ చేతులతోనే చేయిస్తాను. వచ్చినవాళ్ళని ఎవరి పిల్లలని అడగను. కాళ్ళు కడుక్కోమని కూడా అనను, మట్టిలో దిగేవాళ్ళకి అదెందుకు? పోయినేడు ఒకాయన కారు దిగి, తన మనవడితో కలిపి ఎవరెవర్ని దింపుతున్నానో అని వాకబు చేశాడు. నేను లేచి లోపలికి వెళ్ళి గోడకున్న నాయనమ్మ చేట తెచ్చాను. పిల్లలంతా కలిసి పండించిన ధాన్యం పోసి ఆయన చేతిలో పెట్టాను. ఏరుకోమన్నాను.